గజ్జల హెర్నియా సంచిలో ఊహించనిది ఉన్నప్పుడు: గుర్తించే తీరు, చేయవలసిన చికిత్స

జనరల్ సర్జరీలో చేరిన పీజీ విద్యార్థి మొదటి ఏడాదిలోనే నేర్చుకునే ఆపరేషన్లలో గజ్జల హెర్నియా ఒకటి. పొట్ట గోడలో బలహీనమైన చోటు గుండా లోపలి భాగం సంచిలాంటి పొరతో సహా బయటికి పొడుచుకురావడమే హెర్నియా. సంచి తెరిస్తే మామూలుగా చిన్నపేగో, కొవ్వు తెర అయిన ఒమెంటమో కనిపిస్తుంది, లేదా సంచి ఖాళీగా ఉంటుంది. వరుసగా అవే చూసిన కంటికి సంచిలో ఏముందో తెరవకముందే తెలుసునన్న ధీమా వస్తుంది. అపెండిక్స్, మూత్రాశయం, అండాశయం, పేగు గోడలో ఒక్క పక్క మాత్రమే ఇరుక్కున్న హెర్నియా, పైకి ఎర్రగా ఉండి లోపల నల్లబడిన పేగు వంటివి ఆ ధీమా ఉన్న రోజునే ఎదురవుతాయి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే యువ సర్జన్లను, హౌస్ సర్జన్లను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. రోగి ఇంటివారికి కూడా ఇందులో కొంత పనికొస్తుంది.

మంచం దగ్గర చూడవలసినవి

మన దగ్గర రోగి హెర్నియా అనే మాట వాడడు. బుడ్డ అంటాడు, వరిబీజం అంటాడు, లేకపోతే సిగ్గుపడి "కింద వాపుంది సార్" అని ఆపేస్తాడు. బోదకాలు వ్యాధి ఎక్కువగా ఉన్న కోస్తా పల్లెల్లో వృషణం చుట్టూ నీరు చేరే హైడ్రోసీల్‌ను, హెర్నియాను ఒకే పేరుతో పిలవడం వల్ల, పదేళ్లుగా నీరు చేరిందనుకున్న వాపులో పేగు ఉండడం అరుదేమీ కాదు. రెండూ ఒకే మనిషికి ఒకే వైపు ఉండవచ్చు కూడా. వాపు పై అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, దాని పైన వృషణానికి వెళ్లే నాళాల కట్ట అయిన స్పెర్మాటిక్ కార్డ్ మాత్రమే చేతికి తగులుతున్నదా, లేక వాపు గజ్జలోకి కొనసాగుతున్నదా అని చూడాలి. వేళ్లు వాపు పైన కలవకపోతే అది గజ్జల నుంచి దిగిన హెర్నియా అని భావించాలి. టార్చి వెలుగు పడితే మెరిసేదంతా నీరే అనుకోకూడదు, ఎందుకంటే పసిపిల్లల్లో పలుచని పేగు కూడా అలాగే మెరుస్తుంది.

రోగిని నిలబెట్టి చూడకుండా పరీక్ష పూర్తయిందని రాయకూడదు. పడుకోబెట్టి మాత్రమే చూసినందువల్ల తప్పిపోయిన హెర్నియాలు, ముఖ్యంగా స్త్రీలలో, ఎన్నో ఉన్నాయి. వాపు మెడ, అంటే అది బయటికి వచ్చే ఇరుకు భాగం, ప్యూబిక్ ట్యూబర్కిల్ అనే జఘనాస్థి బుడిపెకు పైన, లోపలి వైపు ఉంటే ఇంగ్వైనల్ (గజ్జ కాలువ గుండా వచ్చే) హెర్నియా అనీ, కింద, బయటి వైపు ఉంటే ఫెమొరల్ (తొడ మొదట్లోకి దిగే) హెర్నియా అనీ ఎప్పటి నుంచో చెప్పుకునే నియమం లావుగా ఉన్నవారిలో అంతగా అక్కరకు రాదు గాని, మరచిపోదగినది మాత్రం కాదు. దగ్గినప్పుడు వాపు కదలకపోవడం, నొక్కితే లోపలికి పోకపోవడం, ముట్టుకోనివ్వనంత నొప్పి, బిగుతు కలిసి ఉంటే లోపలి భాగానికి రక్తప్రసరణ ఆగిందని అనుమానించి ఆపరేషన్‌కు సిద్ధం కావాలి. పైచర్మం ఎర్రబడేదాకా ఎదురుచూస్తే అప్పటికే ఆలస్యమైనట్టు.

అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాపు ఎన్నాళ్లుగా ఉందన్నదాని కంటే, లోపలికి పోవడం ఎన్ని గంటల క్రితం ఆగిందన్నదే ముఖ్యమైన ప్రశ్న. మూత్రానికి వెళ్లివచ్చిన కొద్దిసేపటికే, వాపును చేత్తో నొక్కుకుంటే మళ్లీ మూత్రం వస్తున్నదా అని పురుషులను అడిగి తీరాలి. అవునంటే సంచిలోకో, దాని పక్కకో మూత్రాశయం జారిందని ముందే తెలుస్తుంది. నడివయసు దాటినవారికి కొత్తగా హెర్నియా వస్తే పాత దగ్గు, ప్రోస్టేట్ ఇబ్బంది, మలవిసర్జనలో ఇటీవలి మార్పు, పొట్టలో నీరు ఉన్నాయేమో కనుక్కోవాలి, ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్ కొన్నిసార్లు మొదట గజ్జల దగ్గరే బయటపడుతుంది. గజ్జల్లో వాపు కనిపించిన ప్రతిసారీ అది హెర్నియాయే అనుకుని కత్తి పెట్టకూడదు. వెన్నెముక క్షయ వల్ల వెన్ను నుంచి తొడకు దిగే సోయాస్ కండరం వెంట చేరిన చీము, తొడ సిర ఉబ్బు, దిగని వృషణం మెలిపడడం కూడా ఇదే చోట కనిపిస్తాయి. పురుషుడెవరైనా గజ్జల్లో నొప్పితో వస్తే రెండు వృషణాలూ వాటి తిత్తిలో ఉన్నాయో లేవో చూడడం ఒక్క నిమిషం పని.

మోసం చేసే హెర్నియా

పేగు చుట్టుకొలతలో ఒక పక్క మాత్రమే రింగులో, అంటే హెర్నియా బయటికి వచ్చే రంధ్రపు బిగుతు అంచులో, ఇరుక్కునే రకాన్ని జర్మన్ సర్జన్ ఆగస్ట్ గాట్లీబ్ రిక్టర్ పేరుతో పిలుస్తారు. ఇది ఫెమొరల్ హెర్నియాలో ఎక్కువ, ఇంగ్వైనల్‌లో తక్కువ, లాప్రోస్కోపీ చేసిన రంధ్రాల్లో కూడా కనిపిస్తుంది. పేగు మార్గం పూర్తిగా మూసుకుపోదు కనుక రోగికి గ్యాస్ పోతుంది, ఒక్కోసారి విరేచనం కూడా అవుతుంది, పొట్ట ఉబ్బదు. ఆ ధైర్యంతో "అడ్డంకి లేదు, పొద్దున చూద్దాం" అని కేస్ షీట్‌లో రాసిన రాత్రి, ఇరుక్కున్న ఆ చిన్న భాగం చచ్చి చిల్లు పడుతుంది. అందువల్ల గజ్జల్లో చిన్న గట్టి బుడిపె, దాని మీద వేలు పెట్టనివ్వనంత నొప్పి ఉంటే, విరేచనం అయిందన్న మాటకు విలువ ఇవ్వకూడదని నా అభిప్రాయం. బక్కచిక్కిన వృద్ధ స్త్రీ వాంతులతో వస్తే చీర కుచ్చిళ్లు దించి రెండు గజ్జలూ చూడకుండా ఆమెను గ్యాస్ ట్రబుల్ అని పంపడం కంటే పెద్ద పొరపాటు ఈ విషయంలో లేదు.

చేత్తో నెట్టడం గురించి

లోపలికి పోని హెర్నియాను చేత్తో సవరించి పంపడాన్ని టాక్సిస్ అంటారు. వాపు బిగుసుకుని కొద్ది గంటలే అయినప్పుడు, జ్వరం, నాడి వేగం, చర్మం ఎరుపు, పొట్ట బిగపట్టడం వంటివి ఏవీ లేనప్పుడు మాత్రమే దీన్ని ప్రయత్నించాలి. ముందు నొప్పి తగ్గే మందు ఇవ్వాలి, మంచం కాళ్ల వైపు ఎత్తాలి, రోగి కండరాలు వదులయ్యేదాకా ఆగాలి. ఒక చేతి వేళ్లతో మెడ దగ్గర దారి చూపుతూ, రెండో చేత్తో వాపు అడుగు నుంచి నెమ్మదిగా, ఎడతెగకుండా పిండినట్టు ఒత్తాలి. బలవంతంగా తోస్తే వాపు రింగు మీద పరుచుకుని మరింత బిగుసుకుంటుంది. ఒకటి రెండు ప్రయత్నాలకు పోకపోతే మానేయాలి. ఇంటివారు, ఊళ్లో నాటువైద్యులు నూనె రాసి తోమడం, వేడి కాపడం పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఆ సమయంలో చేయవలసినది 108కు ఫోన్ చేసి, రోగికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లడమే.

లోపలికి పోయినంత మాత్రాన కథ ముగియదు. కొన్నిసార్లు పేగు బిగుసుకున్న మెడతో సహా సంచి మొత్తం పొట్ట గోడ వెనక్కి జారుతుంది. పైకి వాపు కనిపించదు, డాక్టరు, రోగి ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు, లోపల మాత్రం పేగు అదే ఉచ్చులో ఉంటుంది. అందుకే టాక్సిస్ ఫలించిన ప్రతి రోగినీ వార్డులో ఉంచాలి. వాంతులు ఆగకపోతే, పొట్టనొప్పి తగ్గకపోతే సీటీ స్కాన్ తీయించాలి. అంతా బాగుంటే అదే అడ్మిషన్‌లో ఆపరేషన్ చేయించడం మేలు. పసిపిల్లల్లో సవరించిన తరువాత వాపు దిగడానికి ఒకటి రెండు రోజులు ఆగి హెర్నియోటమీ (సంచిని మాత్రమే తీసేయడం) చేస్తారు, వారికి గోడను బలపరిచే వల అయిన మెష్ పెట్టరు. ఆడపిల్ల గజ్జల్లో బాదంగింజంత కదిలే గట్టి వాపు ఉంటే అది చాలావరకు అండాశయం. దాన్ని నెట్టకూడదు, అయితే నొప్పి లేదు కదా అని నెలల తరబడి వాయిదా కూడా వేయకూడదు, ఎందుకంటే అది మెలిపడి చచ్చిపోయే ప్రమాదం ఉంది.

స్కాన్‌లు, సిద్ధం చేయడం

రక్తప్రసరణ ఆగిందని చేతికి తెలిసిపోయిన రోగిని స్కాన్ కోసం మూడు అంతస్తులు తిప్పనవసరం లేదు. నిర్ధారణ తేలని చోట మాత్రం అల్ట్రాసౌండ్ మంచి సాయం చేస్తుంది. నీరా, పేగా, అండాశయమా అన్నది చెబుతుంది, ఒక కొన మూసుకుపోయిన గొట్టంలా కనిపిస్తే అపెండిక్స్ అని సూచిస్తుంది. లావుగా ఉన్నవారిలో, ఒకసారి ఆపరేషన్ అయి మళ్లీ వచ్చిన హెర్నియాలో, మూత్రాశయం జారిందన్న అనుమానంలో సీటీ ఎక్కువ నమ్మదగినది. రక్తంలో లాక్టేట్ పెరిగితే పేగు దెబ్బతిన్నదనుకోవచ్చు గాని, అది మామూలుగా ఉందని పేగు క్షేమమని చెప్పలేము. ముక్కు గొట్టం, సెలైన్, మూత్రపు గొట్టం, యాంటీబయాటిక్, రక్తం గ్రూపు చూసి ఉంచడం ఏకకాలంలో జరగాలి. పేగు ముక్క తీయవలసి రావచ్చనీ, పొట్ట మధ్యలో మరో కోత అవసరం కావచ్చనీ సమ్మతి పత్రంలో ముందే రాయించుకోవాలి.

రింగు కోసే ముందు

అత్యవసర ఆపరేషన్‌లో గట్టిగా పాటించవలసిన క్రమం ఒకటుంది. ముందు సంచిని అడుగు భాగంలో తెరవాలి, లోపలి మురికి నీటిని పీల్చేయాలి, పేగును తడిగుడ్డతో పట్టుకోవాలి, ఆ తరువాతే బిగుసుకున్న రింగును కోయాలి. రింగు ముందే కోస్తే చచ్చిన పేగు జారి పొట్టలోకి వెళ్లిపోతుంది, సూక్ష్మజీవులతో నిండిన నీరు దాని వెంటే వెళుతుంది. మత్తు ఎక్కగానే కండరాలు వదులై పేగు తనంతట తానే లోపలికి పోతే, సంచిలోని నీరు రక్తపు రంగులోనో, దుర్వాసనతోనో ఉంటే వెతికి బయటకు తీసి చూడాల్సిందే. సంచి నుంచే లాప్రోస్కోప్ పెట్టి చూడడం కూడా అనుభవమున్న చోట సులువైన మార్గం.

నేను సర్జన్‌గా చేరిన కొత్తలో, ఒక చిన్న ఆసుపత్రిలో, అరవై ఏళ్లు దాటిన రైతుకు రాత్రి రెండు గంటలకు కుడి గజ్జ తెరిచాను. వాపు ఎన్నో ఏళ్ల నుంచి ఉన్నది, ఆనాటి తెల్లవారుజాము నుంచే లోపలికి పోవడం మానేసింది. సంచిలో రెండు పేగు ఉచ్చులు, అంటే పేగు మడతలు, పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఎర్రగా, మెరుస్తూ ఉన్నాయి, వేలితో తడితే పురుగు పాకినట్టు కదిలాయి. రింగు కోసి వాటిని లోపలికి పంపబోతుంటే ఎదురుగా నిలబడిన సీనియర్ సర్జన్ చేయి అడ్డం పెట్టి, "ఏమయ్యా, బయట ఉచ్చులు రెండున్నాయి గదా, ఆ రెంటినీ కలిపే పేగు ఏదీ?" అన్నారు. రింగును ఇంకొంచెం వెడల్పు చేసి మెల్లగా లాగితే, జానెడు పొడవున నల్లద్రాక్ష రంగు పేగు పొట్టలోంచి బయటకు వచ్చింది. దీన్ని మేడ్ల్ హెర్నియా అంటారు. ప్రాగ్‌కు చెందిన కారెల్ మేడ్ల్ 1895లో దీన్ని వర్ణించాడు. సంచిలోని రెండు ఉచ్చులు బాగానే ఉంటాయి, వాటి నడుమ పొట్టలోనే ఉండిపోయిన మూడో ఉచ్చుకు రక్తం ఆగిపోతుంది. ఆ రాత్రి సీనియర్ గారు లేకపోతే ఆ రైతు ఏమయ్యేవాడో నాకు తెలుసు. అప్పటి నుంచి సంచిలో ఉచ్చులు లెక్కపెట్టకుండా పేగును లోపలికి పంపలేదు.

పేగు బతికి ఉందో లేదో తేల్చడానికి తొందరపడకూడదు. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన మాప్ కప్పి, మత్తు డాక్టరును నూరు శాతం ఆక్సిజన్ ఇమ్మని అడిగి, గడియారం చూసుకుంటూ 5 నుంచి 10 నిమిషాలు ఆగాలి. రంగు తిరిగి గులాబీగా మారడం, పైపొర మెరవడం, కదలిక, పేగుకు రక్తనాళాలు తెచ్చే పొర అయిన మెసెంటరీలో ధమనుల కొట్టుకోలు చూడాలి. రింగు నొక్కిన చోట ఉంగరంలా పడిన గీతను విడిగా పరీక్షించాలి, ఎందుకంటే తరువాత చిల్లు పడేది ఎక్కువగా అక్కడే. అనుమానం మిగిలితే ఆ భాగాన్ని తీసేసి కలపడం, అనుమానంతో లోపలికి పంపి నిద్ర మానుకోవడం కంటే మంచిది. గజ్జల కోత ఇరుకైతే అక్కడే కుస్తీ పట్టకుండా మధ్యగీత కోత పెట్టాలి.

సంచిలో ఏముంటే ఏమి చేయాలి

అపెండిక్స్ ఉన్న గజ్జల హెర్నియాను అమ్యాండ్ హెర్నియా అంటారు. 1735లో లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో క్లాడియస్ అమ్యాండ్ పదకొండేళ్ల కుర్రవాడికి హెర్నియా ఆపరేషన్ చేస్తూ, గుండుసూది గుచ్చుకుని చిల్లు పడిన అపెండిక్స్‌ను సంచిలో చూసి తొలగించాడు. నమోదైన అపెండిక్స్ ఆపరేషన్లలో మొదటిది అదే. మత్తుమందు లేని కాలమది, ఆ పిల్లవాడు బతికి బయటపడ్డాడు. ఈ రకం ఎక్కువగా కుడి వైపే ఉంటుంది, పిల్లల్లో పెద్దవారి కంటే తరచుగా కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందు దీన్ని బిగుసుకున్న హెర్నియాగానే భావిస్తారు, ఎక్కువసార్లు సంచి తెరిచాకే తెలుస్తుంది.

దీని చికిత్సకు లొసనాఫ్, బాసన్ అనే సర్జన్లు చేసిన నాలుగు రకాల విభజన ఆచరణలో బాగా ఉపయోగపడుతుంది. అపెండిక్స్ ఏ మంటా లేకుండా ఉంటే దాన్ని లోపలికి పంపి మెష్‌తో హెర్నియా సరిచేయవచ్చు. చిన్న వయసువారిలో తీసేయవచ్చునని వారు సూచించారు గాని, ఆరోగ్యంగా ఉన్న అపెండిక్స్‌ను కోసి శుభ్రమైన ఆపరేషన్‌ను మురికి చేయడం నాకు రుచించదు. వాచి ఉండి, మంట సంచికే పరిమితమైతే గజ్జల కోత నుంచే దాన్ని తీసేసి, మెష్ లేకుండా కండరాలతో కుట్టాలి. చీము పొట్టలోకి పాకితే పొట్ట తెరిచి తొలగించి కడగాలి. నాలుగో రకంలో పొట్టలో మరో జబ్బు కూడా ఉంటుంది కనుక దానికి తగినట్టు నడుచుకోవాలి.

చిన్నపేగుకు పుట్టుకతో ఉండే తిత్తి అయిన మెకెల్ డైవర్టిక్యులమ్ ఉన్న హెర్నియాకు ఫ్రెంచి వైద్యుడు లిట్రే పేరు ఉంది. మెకెల్ ఆ డైవర్టిక్యులమ్‌ను వర్ణించడానికి నూరేళ్ల ముందే, 1700లో లిట్రే దాన్ని హెర్నియాలో చూశాడు. మొదలు సన్నగా, శుభ్రంగా ఉంటే దాన్ని మొదలంటా తీసేసి అడ్డంగా కుట్టాలి. మొదలు వెడల్పుగా ఉన్నా, వాచినా, నల్లబడినా పేగు ముక్కతో సహా తీసి కలపాలి.

జారుడు హెర్నియాలో సంచి గోడలో కొంత భాగం అవయవమే అవుతుంది. కుడి వైపు పెద్దపేగు మొదటి భాగమైన సీకం, ఎడమ వైపు సిగ్మాయిడ్ పెద్దపేగు, లోపలి వైపు మూత్రాశయం ఉండవచ్చు. సంచి ఒక పక్క మందంగా, కొవ్వుతో నిండి ఉండి వలవడానికి రాకపోతే అక్కడ కత్తెర ఆపాలి. ఎదుటి పక్క, పలుచగా వెలుగు కనిపించే చోట తెరిచి, అతుక్కున్న అవయవాన్ని సంచి గోడ నుంచి ఒలవకుండా, రెండింటినీ కలిపే లోపలికి పంపాలి. గజ్జ వెనక గోడ నుంచి నేరుగా ముందుకు వచ్చే డైరెక్ట్ హెర్నియాలో పసుపు కొవ్వు, దాని మీద అల్లుకున్న సిరలు కనిపిస్తే అది మూత్రాశయం అనుకుని, తెరవకుండా తిరగేసి లోపలికి తోయాలి. సందేహం ఉంటే మూత్రపు గొట్టం ద్వారా సెలైన్ ఎక్కించి వాపు ఉబ్బుతున్నదా చూడాలి. పొరపాటున తెగితే అప్పుడే గుర్తించి రెండు పొరలుగా కరిగే దారంతో కుట్టి, వారం నుంచి పది రోజులు గొట్టం ఉంచితే నయమవుతుంది. గుర్తించకుండా మూసిన కోతే ప్రాణం మీదికి తెస్తుంది.

కొన్ని సందర్భాల్లో ఏమీ తీయకపోవడమే సరైన చికిత్స. ఆడపిల్ల సంచిలో కనిపించిన గ్రంథి అండాశయంలా కాక వృషణంలా ఉంటే, లేదా పురుషుడి సంచిలో గర్భాశయం వంటి కండరపు ముద్ద కనిపిస్తే, అవి పుట్టుకతో వచ్చే లైంగిక వికాస భేదాలు కావచ్చు. పురుషుడిలో వీర్యనాళం ఆ గర్భాశయపు గోడకు అతుక్కుని ఉంటుంది, తొందరపడి తీస్తే అది తెగుతుంది. చిన్న ముక్క పరీక్షకు తీసి, హెర్నియా సరిచేసి మూసి, క్రోమోజోమ్ పరీక్ష, హార్మోన్ నిపుణుల సలహా తరువాతే మిగిలిన నిర్ణయం తీసుకోవాలి. సంచి మీద ఆవగింజల్లా తెల్లని బుడిపెలు ఉంటే, నీటినీ సంచి ముక్కనూ పరీక్షకు పంపడం మరవకూడదు. క్షయో, క్యాన్సరో అలా దొరికినవారు ఉన్నారు.

మెష్ పెట్టాలా వద్దా

పేగు బతికి ఉండి, సంచిలో మురికి లేకపోతే అత్యవసర ఆపరేషన్‌లోనూ మెష్ పెట్టవచ్చు. పేగు ముక్క తీసినా లోపలి పదార్థం కారకపోతే పెట్టేవారు ఉన్నారు, పెట్టనివారూ ఉన్నారు. ఇక్కడ రోగి వయసు, మధుమేహం, చేసేవారి అనుభవం చూసుకోవాలి. చీము గానీ, మలం గానీ ఉంటే మెష్ జోలికి పోకూడదు. అటువంటప్పుడు రోగి సొంత కణజాలాన్నే పొరలుగా కుట్టే షోల్డైస్ పద్ధతి గానీ, పుణెకు చెందిన మోహన్ దేశార్దా ప్రవేశపెట్టిన, పొట్ట పక్క కండరమైన ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ పొర పట్టీతో వెనక గోడను బలపరిచే పద్ధతి గానీ వాడాలి. మెష్ ఖరీదు గురించి ఒక మాట. మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టర్ తొంగావ్‌కర్ శుద్ధి చేసిన దోమతెర గుడ్డనే మెష్‌గా వాడారు. ఉగాండాలో జరిపి 2016లో ప్రచురించిన పోలిక అధ్యయనంలో అటువంటి చవక మెష్ ఖరీదైన మెష్‌తో సమానంగా నిలిచింది. అయితే అదంతా ముందుగా నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్ల సంగతి.

నిలబడినప్పుడు తొడ లోపలి వైపు మధ్య భాగం కన్నా కిందికి దిగే హెర్నియాలు వేరే లెక్క. ఏళ్ల తరబడి బయటే ఉన్న పేగులకు పొట్టలో చోటు ఉండదు. ఒక్కసారిగా తోస్తే డయాఫ్రం పైకి లేచి ఊపిరి అందదు, పొట్టలో ఒత్తిడి పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పొట్టలోకి రోజుల తరబడి కొద్దికొద్దిగా గాలి ఎక్కించడం, కొన్ని వారాల ముందు పొట్ట కండరాల్లో వాటిని వదులు చేసే బోటులినమ్ ఇంజెక్షన్ ఇవ్వడం వంటి సన్నాహాలు, వెంటిలేటర్ సౌకర్యం కావాలి కనుక, అత్యవసరం కానప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపడమే వివేకం.

ఆపరేషన్ తరువాత

పెద్ద సంచిని వృషణం దాకా ఒలిచి తీయాలన్న పట్టుదల వృషణానికి రక్తం అందకుండా చేస్తుంది. కింది భాగాన్ని తెరిచి వదిలేయడం సురక్షితం. రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల వృషణం గట్టిపడి నొప్పి పెడితే రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయించాలి. తొలి వారాల్లో కనిపించే మెత్తని వాపు చాలావరకు సీరమ్ నీరే, హెర్నియా తిరిగి రాలేదు, దానికి సూది గుచ్చకూడదు. మూడు నెలలు దాటినా తగ్గని మంట నొప్పి ఇలియోఇంగ్వైనల్ వంటి నరాలు కుట్టులో పడడం వల్ల కావచ్చు.

ఒక చిక్కు మాత్రం కేస్ షీట్లలో అరుదుగా కనిపిస్తుంది. ఇరుక్కుని కోలుకున్న పేగు, బతికిందనుకుని లోపలికి పంపిన పేగు, మానేటప్పుడు ఒక్కోసారి మచ్చ బిగిసి ఇరుకవుతుంది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకో నెలలకో, అన్నం తిన్న తరువాత మెలిపెట్టే నొప్పి, పొట్ట ఉబ్బరం, వాంతులు మొదలవుతాయి. అప్పటికి రోగి మరో ఊళ్లో మరో డాక్టరు దగ్గర ఉంటాడు, అసిడిటీ మాత్రలు మింగుతూ ఉంటాడు. డిశ్చార్జ్ కాగితంలో "హెర్నియా సరిచేయబడింది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, సంచిలో ఏ పేగు ఎంత పొడవున ఇరుక్కుంది, ఎన్ని గంటలు, దాని రంగు మొదట ఏమిటి, సెలైన్ మాప్ తీశాక ఏమిటి అన్నది తెలుగులోనూ రాసి, ఆ కాగితాన్ని ఆరు నెలలు పారేయవద్దని రోగి భార్యకో కొడుకుకో విడిగా చెప్పాలి.